మంత్రి గారూ, ఫ్లెక్సీ చాలు, వార్డులో ఒక మనిషిని పెట్టండి

వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఆగస్టు మొదటి వారం వచ్చిందంటే ఆసుపత్రి గోడల మీద తల్లిపాల వారోత్సవాల ఫ్లెక్సీలు పడతాయి. తల్లిపాలు అమృతం అని పెద్దక్షరాలు, పక్కన బొద్దుగా నవ్వే పాప. ఆ పాప ఎక్కడిదో గానీ మా వైపుదైతే కాదు. పోయినేడాది అలాంటి ఫ్లెక్సీకి ఎదురు మంచం మీద పడుకుని మూడు రోజులు ఏడ్చానండి నేను. అమృతమని నాకూ తెలుసు. అది బిడ్డ నోట్లోకి ఎలా పోవాలో చెప్పేవాళ్లే లేరు.

మాది దర్శి దగ్గర పల్లె. కాన్పు ఒంగోల్లో, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, సిజేరియన్. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో వందకి 42 కాన్పులు కోతలే, కాబట్టి నాదేం వింత కథ కాదు. కుట్ల నొప్పికి పక్కకి తిరగలేను, పాపకి చన్ను అందదు, అందినా మొన చివర పట్టుకుని రెండుసార్లు చీకి వదిలేసి గుక్కపెట్టి ఏడుస్తుంది. రెండో రోజుకి చనుమొనలు పగిలి రక్తం. మా అత్తమ్మ "దీనికి పాలు పళ్లేదు" అని తేల్చేసింది, చూడ్డానికొచ్చిన చుట్టాలందరిదీ అదే మాట, డ్యూటీ సిస్టర్ డబ్బా పాల పేరు చీటీ మీద రాసి మా ఆయన చేతిలో పెట్టింది.

మొదటి రోజు బిడ్డకి ఒక్కో విడతకి చెంచాడు ముర్రుపాలు చాలని, సిజేరియన్ అయితే పాలు పడటం కాస్త ఆలస్యం కావచ్చని, చేదేకొద్దీ బావి ఊరినట్టు బిడ్డ చీకేకొద్దీ పాలు ఊరతాయని, డబ్బా పాలతో కడుపు నింపేస్తే ఆ చీకడం తగ్గి నిజంగానే పాలు తగ్గిపోతాయని నాకు ఎప్పుడో తర్వాత తెలిసింది.

చివరికి దారి చూపింది ఎవరో తెలుసా? నాలుగో రోజు రాత్రి ఊడవడానికొచ్చిన ఆయమ్మ. "ఏందమ్మా, బిడ్డని అట్టా పట్టుకుంటే ఎట్టా తాగుద్ది?" అని చీపురు గోడకి ఆనించి, చేతులు సబ్బుతో కడుక్కొచ్చింది. కుట్లకి తగలకుండా నా పక్కన దిండు సర్ది, పాప కాళ్లు నా వీపు వైపు పోయేలా చంక కింద పెట్టింది. చనుమొనతో పాప పై పెదవి మీద రాస్తూ "ఆగు, ఆగు, ఆవులించినట్టు తెరవనీ... ఆఁ, ఇప్పుడు" అని బిడ్డని ఒక్కసారి దగ్గరికి చేర్చింది. మొన ఒక్కటే కాకుండా చుట్టూ నల్లగా ఉండే చోటు కూడా చాలావరకు నోట్లోకి పోయింది, గడ్డం రొమ్ముకి ఆనింది. కాసేపటికి గుటక చప్పుడు. పది నిమిషాలు పట్టలేదు మొత్తానికి. ఆమెకి జీతం ఇస్తున్నది ఊడవడానికి మాత్రమే.

అందుకని నేను అడిగేది ఇదీ. కాన్పులు చేసే ప్రతి ఆసుపత్రిలో, సర్కారుదైనా ప్రైవేటుదైనా, ఈ పని నేర్చుకున్న మనిషి ఒకరు పగలూ రాత్రీ ఉండాలి. రాత్రి అని ఎందుకంటున్నానంటే, బిడ్డ ఏడుపుకి పక్క మంచాల వాళ్లు విసుక్కునేదీ, డబ్బా తెరిచేదీ అప్పుడే. 2016లో కేంద్రం తల్లిపాల కోసం 'మా' (అంటే అమ్మ) అనే పేరుతో కార్యక్రమం పెట్టింది, నర్సులకి, ఆశా కార్యకర్తలకి ట్రైనింగ్ అందులో భాగమే. ఆ ట్రైనింగ్ నైట్ డ్యూటీ దాకా రావాలి కదండీ.

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింతని ఇంటికొచ్చి చూడాలని రూలు. బాగుంది. కానీ మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో. నా పేరు అత్తగారి ఊళ్లో రాశారు, నేనేమో కొత్తపట్నం దగ్గర మా అమ్మ ఇంట్లో ఉన్నాను. అక్కడి ఆశాకి నేను లెక్కలో లేను, ఇక్కడి ఆశాకి నేను ఊళ్లో లేను. రొమ్ము రాయిలా గట్టిపడి జ్వరమొస్తే చూసింది మా అమ్మ ఒక్కతే. పాలసొర చేప పులుసు, వెల్లుల్లి కారం బాగానే పెట్టింది గానీ (సొర మా తీరంలో బాలింతకి తప్పదు లెండి), గడ్డకట్టిన పాలని పిండి తీసేయాలని, ఆ రొమ్ముతోనే పట్టడం ఆపకూడదని ఆమెకీ తెలియదు. బాలింత ఎక్కడుంటే ఆశా పిలుపు అక్కడికి వెళ్లేలా చేయడం మీకు ఫోన్లోని యాప్‌లో చిన్న మార్పే అనుకుంటా.

డబ్బా పాల సంగతి. ప్రచారం చేయకూడదని, శాంపిళ్లు పంచకూడదని 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. మరి చీటీలు ఎలా నడుస్తున్నాయో ఒకసారి వార్డుల్లో చూడండి. దర్శి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల గోడు మీకు కొత్త కాదు. ఆ నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆ నీళ్లతోనే పొడి కలుపుతారు. తల్లి అదే నీళ్లు తాగినా చనుబాలలోకి వచ్చేది బహు స్వల్పం. పైగా డబ్బా వారం కూడా రాదు, దాంతో ఇంకో గరిటె నీళ్లు పోసి పలచన చేస్తారు. మా వీధిలోనే చూశాను.

అలాగని డబ్బా పట్టే తల్లిని తిట్టే మీటింగులు పెట్టొద్దు. నెలలు నిండని బిడ్డలకి చీకే ఓపిక ఉండదు, కొందరు తల్లులకి ఎంత చేసినా పాలు చాలవు. వాళ్లకి కావాల్సింది పాలు పిండి ఉగ్గుగిన్నెతో ఎలా పట్టాలో, డబ్బా తప్పనిసరైతే కొలత ఎంతో ఓపిగ్గా చెప్పే మనిషి. వారం దాటిన బిడ్డ రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టేనన్న ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే సగం టెన్షన్ ఉండేది కాదు.

మా ఆడపడుచుకి వచ్చే నెల కాన్పు, ఒంగోల్లోనే. నేను తోడు వెళ్తున్నాను. ఆ రాత్రికి వార్డులో ఎవరుంటారో చెప్పగలరా?

ఇట్లు,
పది నెలల పాప తల్లి,
దర్శి ప్రాంతం, ప్రకాశం జిల్లా