ఫొటో సాధనకు ఊరి పొలం చాలు

సంపాదకులు గారికి,

నమస్కారం. కార్తీకం ముగిసి మార్గశిరం రాగానే పత్రికలలో అచ్చయ్యే పాఠకుల ఫొటోలలో చాలావరకు లంబసింగి మంచు, వంజంగి మేఘాలు, అరకు వలిసె పూలే కనిపిస్తాయి. ఆ చోట్ల అందాన్ని ఎవరూ కాదనరు. (వలిసె నూనెగింజల పంట అనీ, దాని మీద ఒక గిరిజన రైతు కుటుంబం ఆధారపడి ఉందనీ మరచి చేలోకి దిగి తొక్కేవారి గురించి వేరే ఉత్తరం రాయవలసి ఉంటుంది.) అయితే గోదావరి డెల్టాలో చిన్న ఫొటో స్టూడియో నడుపుకుంటూ, నేర్చుకోవాలని వచ్చే కుర్రాళ్లకు నాలుగు మాటలు చెప్పేవాడిగా నా అభిప్రాయం ఒకటుంది: శరదృతువు హేమంతంలోకి తిరిగే ఈ వారాలు ఫ్రేము కట్టడం, అంటే ఫొటోలో ఏది ఎక్కడ ఉండాలో అమర్చుకోవడం, నేర్చుకోవడానికి ఏడాది మొత్తంలో అనువైనవి, అందుకు ఘాట్ రోడ్డు ఎక్కవలసిన అవసరం లేదు.

కారణం సూర్యుడి ఎత్తులో ఉంది. మే నెలలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వచ్చి, నీడ కాళ్ల కిందే అణగిపోతుంది. డిసెంబరు మూడో వారానికి అదే వేళ సుమారు 50 డిగ్రీల ఎత్తు వరకే ఎక్కుతాడు కనుక, 10 అడుగుల గుంజకు నడి మధ్యాహ్నం కూడా 8 అడుగులకు పైగా నీడ పడుతుంది. పక్కనుంచి పడే ఆ వెలుగులోనే గట్టు ఎత్తు, గడ్డివాము గుండ్రదనం, మనిషి ముఖంలోని గీతలు తెలుస్తాయి. మార్గశిరాన మాట్లాడే పొద్దుండదని పెద్దలంటారు గాని, పగలు 11 గంటలకు కుదించుకుపోయే ఆ రోజుల్లో ఫొటోకు పనికివచ్చే పొద్దు వేసవిలో కంటే ఎక్కువే.

కోసిన వరిచేనునే తీసుకోండి. పనలు వరుసగా పరిచిన చేనును గట్టు మీద నిలబడి తీస్తే అంతా పరిచిన చాపలా చదునుగా కనిపిస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నేలకు జానెడు ఎత్తులోకి దించితే, దగ్గరి మోళ్ల మీది మంచు బొట్లు పెద్దవై, మోళ్ల వరుసలు చూపును దూరపు తాడిచెట్ల దాకా తీసుకుపోతాయి. పన కడుతున్న మనిషి తలలోంచి తాడిచెట్టు మొలిచినట్లు వస్తే, జూమ్ తిప్పి లాభం లేదు, రెండడుగులు పక్కకు జరగాలి. వచ్చే కుర్రాళ్లలో చాలామంది ఈ జరగడం దగ్గరే బద్ధకిస్తారు.

మంచు పట్టిన ఉదయాలది మరొక పద్ధతి. వెలుగును కొలిచే కెమెరా మీటరు తెల్లదనాన్ని బూడిద రంగుకు దించేస్తుంది కనుక ఎక్స్‌పోజరును (ఫొటోకు అందే వెలుగును) ఒక స్టాపు దాకా, అంటే రెట్టింపు దాకా, పెంచుకోవాలి. రేవులో కట్టిన నావ వంటి నల్లని వస్తువు ఒకటి దగ్గరలో ఉంటేనే వెనకాల పొరలు పొరలుగా పలచబడే చెట్లకు లోతు వస్తుంది. అది లేని మంచు ఫొటో ఖాళీ కాగితమే.

ఇక ఫోనులో గ్రిడ్ గీతలు పెట్టుకుని, ప్రతిదాన్నీ మూడింట ఒక వంతు గీత మీద నిలబెట్టడం ఆచారమైపోయింది. 1797లో, అంటే ఫొటోగ్రఫీ పుట్టక ముందే, ఇంగ్లండు చిత్రకారుడు జాన్ థామస్ స్మిత్ ప్రకృతి దృశ్యాలు గీయడం గురించి రాస్తూ చెప్పిన సూత్రమది. మొదట్లో పనికివస్తుంది, తరువాత అడ్డొస్తుంది. గాలి లేని ఉదయం కాలవలో గట్టూ కొబ్బరిచెట్లూ నీడతో సహా దొరికినప్పుడు, ఒడ్డు గీతను సరిగ్గా నడిమధ్యకు తేవడమే న్యాయమని నేను చెబుతాను.

మీకు నా విన్నపం ఇది. పాఠకుల ఫొటో వేసినప్పుడు ఊరి పేరుతో పాటు, ఏ వేళకు తీశారో, వెలుగు ఎటునుంచి పడిందో, ఎక్కడ నిలబడి తీశారో ఒక్క వాక్యంలో అడిగి వేయండి. కాలమ్ వెడల్పుకు సరిపెట్టడానికి ఫొటోను కత్తిరించవలసి వస్తే, కత్తిరించినట్లు కింద రాయండి. పంపినవారు ఆలోచించి వదిలిన ఖాళీ ఆకాశం అచ్చులో మాయమైతే, చూసి నేర్చుకునేవారికి తప్పు పాఠం అందుతుంది.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
కోనసీమ