స్కూలు గేటు దగ్గర గాలిని ఎవరు కొలుస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో రోజూ ఓ మూలన గాలి నాణ్యత సూచీ అని ఒక అంకె వేస్తారు. పొద్దున పేపరు చేతికి రాగానే నేను ముందు చూసేది అదే, మా చిన్నవాడికి ఆస్తమా ఉంది మరి. అంకె తక్కువుంటే కాస్త ధైర్యంగా స్కూలుకి పంపిస్తాను, ఎక్కువుంటే ఆటల పీరియడ్‌కి వద్దని చీటీ రాసిస్తాను. మొన్న పర్వాలేదన్నట్టు పచ్చరంగులో అంకె వేసిన రోజే వాడు స్కూలు గేటు దగ్గర దగ్గీ దగ్గీ కింద కూలబడ్డాడు.

స్కూలు వదిలే వేళకి అక్కడ ఎలా ఉంటుందో చెప్తాను. గంట కొట్టడానికి పావుగంట ముందే బస్సులు, కార్లు, బైకులు వచ్చి బారులు తీరతాయి, ఒక్కరూ ఇంజిన్ ఆపరు. కొందరికి ఏసీ కావాలి, కొందరు ఎలాగూ ఇప్పుడే బయల్దేరతాం కదా అనుకుంటారు. పిల్లలు ఆ బండ్ల మధ్యలోంచే బయటికి రావాలి. ఆ రోజు వాడి నోటికి ఇన్‌హేలర్ పెట్టడానికి నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను, నా ముఖం వాడి ముఖం ఎత్తుకి వచ్చింది, ఎదురుగా బస్సు పొగ గొట్టం, వేడిగాలి నేరుగా చెంపకి తగిలింది, కళ్ళు మండి నీళ్ళొచ్చేశాయి. రెండేళ్ళుగా రోజూ అదే చోట నిలబడుతున్నదాన్ని, నాకెప్పుడూ ఇంత తెలియలేదు. వాడు మాత్రం రోజూ అదే పీలుస్తున్నాడు.

గాలిని కొలిచే యంత్రాల్ని మామూలుగా నేలకి కొన్ని మీటర్ల ఎత్తున, బండ్ల పొగ నేరుగా తగలని చోట పెడతారు, ఆ ప్రాంతం మొత్తం మీద గాలి ఎలా ఉందో తెలియాలి కాబట్టి. అది తప్పని నేననను. కానీ ఆ అంకె చూసి నిర్ణయాలు తీసుకునే నాలాంటివాళ్ళకి ఈ సంగతి ఎవరు చెప్పారు? పిల్లలు ఒంటి బరువుతో పోలిస్తే పెద్దవాళ్ళకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, పైగా వాళ్ళ ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతున్నాయి.

అసలు మన గాలి పాడవడానికి కారణం బండ్లొక్కటే కాదు, ఫ్యాక్టరీలున్నాయి, జనరేటర్లున్నాయి, పరదా కట్టకుండా కట్టే భవనాలున్నాయి, ఊడ్చిన చెత్తని రోడ్డు పక్కనే తగలబెట్టడం ఉంది. పొగ రాని ఎలక్ట్రిక్ బండికి కూడా టైర్లు, బ్రేకులు అరిగి ధూళి లేస్తుంది. చలికాలంలో నేలని అంటుకుని ఉన్న చల్లగాలి మీద వెచ్చటిగాలి మూతలా కూర్చుంటుంది, ఇదంతా పైకి పోయే దారి లేక మన మధ్యే తిరుగుతుంది. ఇందులో ఎక్కువ చెరుపు చేసేది కంటికి కనిపించదు. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు, అంటే తలవెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండనివి, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, వాటిలో మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. అందుకే ఆయాసంతో ఆగదు, గుండెపోటు, పక్షవాతం దాకా పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ కణాల ఏడాది సగటు పరిమితిని ఘనపు మీటరుకి 10 మైక్రోగ్రాముల నుంచి 5కి తగ్గించింది. బయటి గాలి కాలుష్యం క్యాన్సర్ తెస్తుందని ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే తేల్చింది.

1952 డిసెంబరులో లండన్‌ని అయిదు రోజులు బొగ్గుపొగ కమ్మేసి వేలమంది పోయారు, నాలుగేళ్ళకి అక్కడ గాలి శుభ్రత కోసం చట్టం వచ్చింది. అప్పుడు పొగ కళ్ళెదుట కనిపించింది కాబట్టి జనం నమ్మారు. అదే లండన్‌లో రద్దీ రోడ్డుకి దగ్గర్లో ఉండే తొమ్మిదేళ్ళ పాప 2013లో ఆస్తమాతో చనిపోతే, ఆ చావుకి గాలి కాలుష్యం కూడా కారణమని అధికారికంగా నమోదు కావడానికి 2020 డిసెంబరు దాకా పట్టింది. గాలి గురించి ఆ తల్లికి ముందుగా ఎవరూ చెప్పలేదని విచారణలో తేలింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ మర్నాడు నేను వెళ్ళి బస్సు డ్రైవర్‌ని అడిగాను, పిల్లలు ఎక్కేదాకా ఇంజిన్ ఆపుతారా అని. వెంటనే ఆపేశాడు. "ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదమ్మా" అన్నాడు. కారులో ఉన్నాయన మాత్రం అద్దం కూడా దించలేదు. అందుకే ఇది ఒకళ్ళనొకళ్ళు బతిమాలుకుంటే అయ్యే పని కాదంటున్నాను. స్కూళ్ళ ముందు, ఆసుపత్రుల ముందు ఆగిన బండి ఇంజిన్ ఆపాలన్న రూలు పెట్టి, ఆపనివాళ్ళకి జరిమానా వేయాలి. స్కూలు వదిలే వేళకి, పిల్లల ముఖం ఎత్తున, గేటు దగ్గరే కొలిచి ఆ లెక్క బోర్డు మీద రాయాలి. చెత్త తగలబెడితే ఫిర్యాదు చేయడానికి ఒక నంబరుండాలి, దాన్ని ఎవరో ఒకరు ఎత్తాలి.

మీకూ ఒక మాట. రేపటి నుంచి ఆ అంకె పక్కన అది ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎన్ని గంటలకి కొలిచిందో కూడా వేయండి.

— ఒక పాఠకురాలు