స్టేజీ పక్కనే రైడ్లు పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మా చుట్టుపక్కల కుటుంబాలన్నీ కలిసి జరుపుకున్న ఉత్సవానికి పిల్లల్ని తీసుకుని వెళ్లాం. సాయంత్రం నాలుగింటికి వెళ్తే ఇంటికి వచ్చేసరికి రాత్రి పది దాటింది. ఒక్క రూపాయి లాభం చూసుకోకుండా నెల రోజులు తిరిగి ఏర్పాట్లు చేసినవాళ్లు నాకు తెలుసు, వాళ్లంటే గౌరవం కూడా. వాళ్లను తప్పుబట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అక్కడ చూసిన ఒక విషయం మాత్రం ఆ రోజు నుంచి మనసులోంచి పోవడం లేదు, అది నలుగురికీ తెలిస్తే ఇంకోచోట జరగకుండా ఉంటుందని రాస్తున్నాను.

కొలంబస్ పడవ ఉంటుంది కదా, ముందుకీ వెనక్కీ ఊగేది, దాన్ని స్టేజీకి ముప్ఫై అడుగుల దూరం కూడా లేకుండా పెట్టారు. స్టేజీ మీద పాటల ట్రూపు, రెండు వైపులా మనిషి ఎత్తు స్పీకర్లు. మా తమ్ముడి కొడుకు, ఏడేళ్లవాడు, పడవ చివరి వరుసలో ఎక్కాడు. పక్కన లావుపాటి పెద్దాయన కూర్చున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే అడ్డు కడ్డీ. అది దిగి పెద్దాయన తొడల మీద ఆగిపోయింది, మా వాడి తొడకీ కడ్డీకీ మధ్య నాలుగు వేళ్లు దూరేంత సందు ఉండిపోయింది. కింద నిలబడ్డ నాకు ఆ సందు స్పష్టంగా కనిపించింది, కానీ అప్పటికే పడవ కదిలింది.

రెండో ఊపుకి వాడు ఏడవడం మొదలుపెట్టాడు. నోరు తెరుచుకుని ఉంది, మెడ నరాలు ఉబ్బాయి, కానీ గొంతు మాత్రం మాకు వినపడలేదు. మా మరదలు "ఆపండి, ఆపండన్నా" అని అరుస్తూనే ఉంది. ఆపరేటర్ కుర్రాడు లివర్ మీద చెయ్యి పెట్టుకుని పది అడుగుల దూరంలో ఉన్నాడు, అతనికీ వినపడలేదు. చివరికి ఆవిడ చేతిలోని సంచి గాల్లోకి ఊపుతూ అతని ముందుకి వెళ్లి నిలబడితే అప్పుడు చూసి ఆపాడు. ఆపాక కూడా పడవ ఒక్కసారిగా ఆగదు, ఊపు తగ్గి నిలబడేదాకా ఆగాల్సిందే. ఆ కాసేపు వాడు పక్కనున్న పెద్దాయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని వేలాడాడు. ఆయన కూడా ఒక చేత్తో వాడిని ఒడిసి పట్టుకున్నారు, ఆయనకు ఎన్ని దండాలు పెట్టినా చాలదు. దెబ్బ ఏమీ తగల్లేదు, కానీ రెండు రాత్రులు వాడికి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ ఆపరేటర్‌ను నేను తిట్టలేదు, తిట్టాలనిపించలేదు కూడా. మధ్యాహ్నం నుంచి అదే చోట నిలబడి ఉన్నాడు, మార్చుకునే మనిషి లేడు. ఆ మోతలో ఎవరున్నా అంతే. రైడ్ నడిపేవాడికి కళ్లతోపాటు చెవులు కూడా పనిముట్లే. పిల్లవాడి అరుపూ, తల్లి కేకా, మిషన్‌లో కొత్తగా వచ్చే కీచుమనే శబ్దం, ఇవన్నీ అతనికి వినపడాలి. స్పీకర్లు తెచ్చి అతని పక్కన పెట్టి మనమే ఆ చెవులు మూసేశాం.

పాటలు వద్దని నేను అనడం లేదు. లైవ్ ప్రోగ్రామ్ లేని ఉత్సవం ఉత్సవమే కాదు. నేను అడిగేది దూరం. ఆరుబయట శబ్దం, దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) తగ్గుతుంది. అంటే ముప్ఫై అడుగుల్లో ఉన్న రైడ్‌ను నూట ఇరవై అడుగులకు జరిపితే 12 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, ఇది పైసా ఖర్చు లేని పని. ఆ స్పీకర్లను జనం వైపు తిప్పి, రైడ్లను స్టేజీ వెనక వైపు పెడితే ఇంకా మేలు.

చిన్న పిల్లల చెవుల సంగతి వేరే చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినొచ్చు, అదే 90 అయితే 4 గంటలే. ఇలాంటి కార్యక్రమాల్లో సగటు శబ్దం 100 డెసిబెల్స్ దాటకూడదనీ, జనం కాసేపు చెవులకు విశ్రాంతి ఇచ్చుకోవడానికి ప్రశాంతమైన చోటు ఒకటి ఉండాలనీ ఆ సంస్థ 2022లో ప్రమాణాలు ఇచ్చింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ రావు. ఆ రోజు స్పీకర్ ముందే తల్లి ఒళ్లో నెలల బిడ్డ ఉంది, ఆ తల్లికి ఎవరైనా చెప్పి ఉంటే లేచి వెనక్కి వెళ్లేది.

కడ్డీ విషయానికొస్తే, ఎత్తు కొలిచే కర్ర ఒకటి గేటు దగ్గర ఉంది, కానీ జనం ఎక్కువయ్యాక దాన్ని పక్కకు తీసి పెట్టారు. వయసు కాకుండా ఎత్తు ఎందుకు చూస్తారంటే కడ్డీ శరీరానికి సరిగ్గా ఆనాలి కాబట్టి. ఇద్దరికి ఒకటే కడ్డీ ఉన్నచోట పెద్దవాళ్ల పక్కన చిన్నపిల్లల్ని కూర్చోబెడితే కర్రతో కొలిచినా లాభం లేదు, ఇది నాకు ఆ రోజే అర్థమైంది. తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లవాడు కూర్చున్నాక కడ్డీ తొడకి ఆనిందో లేదో మీరే చూడండి, సందు ఉంటే దింపేయండి. వెనకవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

జెయింట్ వీల్ దగ్గర కూడా ఇదే తొందర. ఇంతసేపు ఆపుతారేంటి అని జనం గొడవ పెడుతుంటే ఆ నడిపే పెద్దాయన ఒక్కటే చెప్పాడు, "ఒక పక్కే బరువైతే చక్రం మాట వినదమ్మా, ఎదురెదురుగా నింపుకుంటూ రావాలి" అని. 1893లో చికాగో ప్రదర్శనలో ఫెర్రిస్ కట్టిన మొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తు, 36 పెట్టెలు, ఒక్కో పెట్టెలో 60 మంది పట్టేవాళ్లు. దానికి కూడా మొదటి చుట్టు అంతా ఆరుసార్లు ఆగి జనాన్ని దింపి ఎక్కించుకోవడానికే సరిపోయేది, రెండో చుట్టే ఆగకుండా తిరిగేది. నిదానం ఆ యంత్రం తీరులోనే ఉంది. తొందరపెట్టేది మనమే.

తనిఖీ జరిగింది కదా అని నిర్వాహకుల్లో ఒకరు నాతో అన్నారు. జరిగింది, కాగితం కూడా చూపించారు, ఆ మేరకు సంతోషం. కానీ 2017 జూలైలో అమెరికాలోని ఒహాయో స్టేట్ ఫెయిర్‌లో ఒక రైడ్ తిరుగుతుండగానే విరిగి ఒక కుర్రాడు చనిపోయాడు, ఏడుగురు గాయపడ్డారు. అదే రోజు దాన్ని తనిఖీ చేసి, నడపొచ్చని చెప్పారు. తయారుచేసిన కంపెనీ తర్వాత చూస్తే ఉక్కు దూలం లోపలి వైపు తుప్పు తినేసింది, బయటికి కనపడలేదు. అందుకే కాగితం ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఆ రైడ్ ఎన్నేళ్లది, లోపలి భాగాలను ఎప్పుడు విప్పి చూశారు అని అద్దెకు తెచ్చే రోజే అడగాలి.

ఇంకొకటి, గాలి ఊది నింపే జంపింగ్ క్యాజిల్. మెత్తగా ఉంటుంది, దెబ్బ తగలదు అనుకుని మనం పిల్లల్ని అందులో వదిలేసి ఎటో చూస్తుంటాం. 2021 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఒక స్కూలు వేడుకలో గాలికి అది పైకి లేచిపోయి ఆరుగురు పిల్లలు చనిపోయారు. బ్రిటన్ భద్రతా నిబంధనల్లో గాలి గంటకు 38 కిలోమీటర్లు దాటితే వాడొద్దని ఉంది. మేము వెళ్లిన చోట ఒక మూల తాడును మేకుకు కాకుండా ఇసుక బస్తాకు కట్టారు, ఆ బస్తాను నేను కాలితో నెడితే జరిగింది. చెప్పగానే వెంటనే సరిచేశారు, అది వాళ్ల మంచితనం.

బాధ పెట్టినవే రాస్తున్నాను కానీ ఆ సాయంత్రం నాకు నచ్చింది కూడా ఒకటి చెప్పాలి. అయిదున్నరకి ఒకాయన మాట్లాడే బొమ్మతో వచ్చి స్టేజీ ఎక్కకుండా, మైకు లేకుండా, రైడ్ క్యూ పక్కనే నేల మీద కూర్చున్నాడు. అంతదాకా తోసుకుంటున్న పిల్లలు చుట్టూ చేరి చప్పుడు లేకుండా విన్నారు. మా పాప క్యూలో ఇరవై నిమిషాలు నిలబడింది, ఒక్కసారి కూడా "ఇంకెంతసేపమ్మా" అనలేదు. ఆయన వెళ్లిపోగానే మళ్లీ తోపులాట. ప్రతి పెద్ద రైడ్ క్యూ దగ్గరా ఒక మ్యాజిక్ చేసే మనిషో, బంతులు ఎగరేసే మనిషో ఉంటే ఎంత తేడా వస్తుందో ఆ రోజు కళ్లారా చూశాను. పిల్లల ప్రోగ్రాములన్నీ స్టేజీ మీద తొమ్మిదిన్నరకి పెట్టారు, ప్రసంగాలు అయ్యేసరికి పిల్లలు సగం మంది భుజాల మీద నిద్రపోయారు. డ్యాన్స్ నేర్చుకుని మేకప్ వేసుకుని ఎదురుచూసిన చిన్నారులు ఖాళీ కుర్చీల ముందు ఆడారు. వాళ్లవి ముందు పెట్టండి, ప్రసంగాలు తర్వాత వింటాం.

మొదటి గంట లైట్ల మిలమిలలు, పాటలు ఆపేసి రైడ్లు నడిపితే మా వీధిలోని ఆటిజం ఉన్న బాబు లాంటి పిల్లలు కూడా వస్తారు. వాడు గేటు దగ్గరే చెవులు మూసుకుని వెనక్కి తిరిగిపోయాడు, వాళ్ల నాన్న మొహం చూడలేకపోయాను.

ఈ ఉత్తరం అచ్చయితే ఆ పేపరు తీసుకుని నేనే నిర్వాహకుల మీటింగుకు వెళ్తాను. వచ్చే ఏడాది మైదానంలో ఏది ఎక్కడ పెట్టాలో గుర్తులు వేసే రోజున నన్ను కూడా పిలవమని వాళ్లను అడుగుతాను, టేపు రెండో చివర నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు