మలేరియా డీఎన్ఏ పరీక్షలకు ఒకే కొలత కావాలి

సంపాదకుల వారికి,

2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది కేంద్రం పెట్టుకున్న లక్ష్యం. అది కురుపాం, గుమ్మలక్ష్మీపురం, సాలూరు కొండల మీది పల్లెలకు ఎంత అవసరమో ఉమ్మడి విజయనగరం జిల్లా వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆశా కార్యకర్త వేలు గుచ్చి చేసే కిట్ పరీక్షలో గీత పడాలంటే, మైక్రోలీటరు రక్తంలో సుమారు 100 నుంచి 200 పరాన్నజీవులైనా ఉండాలి. అంతకంటే తక్కువున్న మనిషికి ఒక్కోసారి జ్వరమే ఉండదు. పనికీ వెళ్తాడు, సంతకూ వెళ్తాడు. అతన్ని కుట్టిన దోమ మాత్రం జబ్బును మరో ఇంటికి మోసుకుపోగలదు. ఇలాంటివాళ్లను పట్టుకోగలిగేది పీసీఆర్, అంటే డీఎన్ఏ పరీక్షే.

కానీ ఒకే నమూనాకు రెండు ల్యాబులు రెండు ఫలితాలు ఇస్తే ఏది నమ్మాలి? డీఎన్ఏ తీసే పద్ధతి, రసాయనాలు, యంత్రం, ఏది మారినా అంకె మారవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకమైన ఫాల్సిపారం డీఎన్ఏకు అంతర్జాతీయ ప్రమాణ నమూనాను ఆమోదించింది. అది ఆ పరాన్నజీవి ఉన్న రక్తాన్ని అతి చల్లదనంలో ఘనీభవింపజేసి ఆరబెట్టిన పొడి; అందులో డీఎన్ఏ ఎంతో ముందే లెక్కకట్టి ఉంటుంది. దాన్ని కరిగించి, పలుచన చేసుకుంటూ పోతే తమ పరీక్ష ఎంత తక్కువ దాకా పట్టగలదో ల్యాబుకే తెలిసిపోతుంది. సంతలో ముద్ర లేని తూకం రాయిని ఒప్పుకోం కదా!

రోజువారీ వాడకానికి ఆ నమూనాతో సరిచూసిన స్థానిక నమూనాలను రాష్ట్రమే తయారు చేయించాలి. మన దగ్గర ఉన్న మరో మలేరియా రకం వైవాక్స్‌ను మరిచిపోకూడదు. ఏటా ఫలితం చెప్పకుండా నమూనాలు పంపి ల్యాబులను పరీక్షించాలి. కోవిడ్ నాడు కొన్న పీసీఆర్ యంత్రాలను ఇందుకు వాడుకోవచ్చు. వచ్చే వానాకాలంలోపే ఈ పని మొదలుపెట్టాలని ఆరోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక ల్యాబ్ టెక్నీషియన్, విజయనగరం