హోం నుంచి ఇంటికి: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు దివ్యాంగుల కోసం పనిచేసే మన సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా సదరం (వైకల్య ధ్రువీకరణ) క్యాంపులు, వీల్‌చైర్లు, డిసెంబర్ 3న అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం గురించి రాసుకుంటాం. ఈసారి వాటిని చివర్లో నాలుగు మాటల్లో ముగిస్తాను. ఎందుకంటే ఈ ఏడాది మన డబ్బు, సమయం, టెన్షన్ అంతా దాదాపు ఒక్క పని మీదే పోయింది. ఏళ్ల తరబడి సంరక్షణ హోంలలో ఉండిపోయిన కొందరిని బయటికి తీసుకొచ్చి, హనుమకొండలో అందరూ ఉండే వీధిలో, అందరూ ఉండే అద్దె ఇళ్లలో స్థిరపడేలా చూడటమే ఆ పని.

మార్చి ఆఖరుకు రెండు ఇళ్లు నడుస్తున్నాయి. కుమార్‌పల్లి వైపు ఒక ఇంట్లో ముగ్గురు మగవాళ్లు, నడిచి వెళ్లేంత దూరంలో ఇంకో ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు ఉంటున్నారు. మరో ఇద్దరు సొంత ఊళ్లకు, తోబుట్టువుల దగ్గరికి వెళ్లారు. కొందరిది మేధో వైకల్యం, కొందరిది మానసిక అనారోగ్యం, ఒకరికి సెరెబ్రల్ పాల్సీ. వాళ్ల పేర్లు గానీ, వాళ్లున్న హోంల పేర్లు గానీ ఇందులో రాయడం లేదు. అలా రాయొద్దని వాళ్లే అన్నారు.

హోం గేటు దాటడం

"ఏ రూల్ ప్రకారం తీసుకెళ్తారు? రేపు ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?" మేం వెళ్లిన ప్రతిచోటా మొదట ఇదే అడిగారు. అడగడంలో తప్పు లేదు. అందుకే ఎక్కడికి వెళ్లినా రెండు చట్టాల జిరాక్స్ కాపీలు వెంట పెట్టుకున్నాం. దివ్యాంగుల హక్కుల చట్టం–2016లోని 5వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు సమాజంలో బతికే హక్కు ఉంది, ఫలానా చోటే ఉండాలన్న బలవంతం వాళ్ల మీద లేకుండా ప్రభుత్వం చూడాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం–2017లోని 19వ సెక్షన్ ఇంకా సూటిగా చెబుతుంది. కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్లు రానివ్వడం లేదనో, ఉండటానికి ఇల్లు లేదనో, బయట సౌకర్యాలు లేవనో ఒక మనిషిని మానసిక ఆరోగ్య సంస్థలోనే ఉంచేయకూడదు. ఈ రెండు చట్టాలకూ వెనుక ఉన్నది దివ్యాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడిక. మన దేశం దాన్ని 2007లోనే ఆమోదించింది.

చట్టం చూపించాక కూడా చాలాచోట్ల కుటుంబం సంతకం కావాలన్నారు. కొన్ని కుటుంబాలు సంతోషంగా వచ్చాయి. కొన్ని ఫోన్ ఎత్తలేదు. ఒకాయన అన్నయ్య మాత్రం దాపరికం లేకుండా చెప్పాడు: "తమ్ముని పింఛన్ మీద మా అమ్మ మందులు నడుస్తున్నయి సార్, అది పోతే ఎట్ల?" ఆ మాట విన్నాక ఆయన మీద కోపం తెచ్చుకోలేకపోయాం. ముందు ఆ తల్లి మందులకు వేరే దారి చూసి, ఆ తర్వాతే పింఛన్ సంగతి మాట్లాడాం.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఎవరిని తీసుకురావాలన్నది మేం తేల్చలేదు. "మీకు ఎక్కడ ఉండాలనుంది?" అని వాళ్లనే అడిగాం. కొందరు ఇక్కడే బాగుందన్నారు. వాళ్లను మళ్లీ మళ్లీ కదిలించలేదు, అప్పుడప్పుడూ పలకరించి వస్తున్నాం. ఒకావిడ "ముందుగాల ఇల్లు చూస్త" అంది. తీసుకొచ్చాం. వంటగది, మంచం, కిటికీ దేన్నీ పట్టించుకోకుండా తిన్నగా బాత్రూం దగ్గరికి వెళ్లింది. తలుపు వేసి లోపలి నుంచి గడియ పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఆమె ఉన్న హోంలో బాత్రూంకు లోపల గడియ లేదు. బయటికొచ్చి "ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

ఫ్యామిలీయా, బ్యాచిలర్లా?

హనుమకొండలో టు–లెట్ బోర్డు చూసి తలుపు కొడితే వచ్చే మొదటి ప్రశ్న ఏమిటో మీకు తెలుసు. మనవాళ్లు ఫ్యామిలీ కింద రారు, బ్యాచిలర్ల లెక్కలోనూ పడరు. మాట వినయంగా మొదలై, వైకల్యం సంగతి చెప్పగానే "మా అబ్బాయిని అడిగి చెప్తాం" దగ్గర ఆగిపోయేది. దాచిపెట్టి ఇల్లు తీసుకుందామని కొందరు సభ్యులు సలహా ఇచ్చారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. నిజం తెలిసిన రోజున సామాన్లు రోడ్డు మీద పడేది మనవి కావు, వాళ్లవి.

చివరికి సింగరేణిలో రిటైరై ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దాయన గ్రౌండ్ ఫ్లోర్ ఇచ్చారు. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే, మోటారు వేసి నీళ్లు పోనిచ్చే అలవాటు ఎవరికన్నా ఉందా అని! పదకొండు నెలల అగ్రిమెంట్ రాసేటప్పుడు సంఘం పేరు ఒక్కటే ఉంటే చాలన్నారు. మేం పట్టుబట్టి ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు కూడా రాయించాం. 2016 చట్టం 13వ సెక్షన్ ప్రకారం దివ్యాంగులకు అందరితో సమానంగా చట్టబద్ధమైన సామర్థ్యం ఉంది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఆ కాగితం మన ఆఫీసు బీరువాలో లేదు, వాళ్ల ఇంట్లోనే ఉంది.

కాగితాల సంగతి

అడ్రస్ లేని మనిషికి ఏదీ రాదు. ఆధార్‌లో పాత హోం అడ్రసో, ఎప్పుడో విడిచిన ఊరి అడ్రసో ఉంటుంది. అది మారితే గానీ పింఛన్ మారదు, గ్యాస్ రాదు, బ్యాంకు ఖాతా తెరుచుకోదు. ఒక బ్యాంకులో మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా ఆయన్ను పలకరించకుండా "గార్డియన్ ఎవరు?" అని మమ్మల్ని అడిగారు. ఆయన పాస్‌పోర్టు ఫోటోలు బల్ల మీద పెట్టి "ఖాతా నాది" అన్నారు. పని ఆ రోజు కాలేదు గానీ తర్వాత అయింది.

గార్డియన్ విషయంలో తల్లిదండ్రులకు చాలా అయోమయం ఉంది కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఆధ్వర్యంలోని స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. నిజంగా అవసరమైతే దరఖాస్తు చేసుకోండి, మేం సాయం చేస్తాం. ప్రతి చిన్న పనికీ గార్డియన్ ఉండి తీరాలన్న మాట నమ్మి, మీ పిల్లల సంతకాన్ని మీరే రద్దు చేయొద్దు.

నవంబర్‌లో ఇంటింటి కుటుంబ సర్వే జరిగినప్పుడు మగవాళ్ల ఇంటికీ స్టిక్కర్ అంటించారు. ఎన్యుమరేటర్‌గా వచ్చిన టీచరమ్మ కుటుంబ పెద్ద ఎవరని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకరికొకరు ఏమవుతారంటే "దోస్తులం" అన్నారు. ఫారంలో ఆ మాటకు చోటు లేదు. ఆమె ఓపిగ్గా కూర్చుని ముగ్గురి వివరాలూ రాసుకుంది. అంతకుముందు ఏ హోంలోనూ వాళ్లను కులం, చదువు, పని గురించి ఇంత మర్యాదగా అడిగినవాళ్లు లేరట. ఆ స్టిక్కర్‌ను వాళ్లు ఇప్పటికీ పీకనివ్వరు. రేషన్ కార్డు కూడా కుటుంబం పేరు మీదే వస్తుంది కాబట్టి ఇదే చిక్కు అక్కడా ఉంది, ఇంకా తెగలేదు.

ఆ ఇంట్లో రోజు

హోం గోడలు దాటి వచ్చినా హోం అలవాట్లు వెంట వస్తాయి. మొదటి వారాల్లో సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి మగవాళ్లంతా పళ్లాలు ముందు పెట్టుకుని వరసగా కూర్చునేవాళ్లు. ఆకలి ఉందా అంటే లేదనేవాళ్లు. ఏం కూర వండుకుందామంటే "మీ ఇష్టం" అనేవాళ్లు. నెలన్నర గడిచాక ఒకాయన బజారులో సొరకాయ చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, "రోజూ గిదేనా, ఇయ్యాల వద్దు" అని తిరిగి గంపలో పెట్టేశాడు. వెంట ఉన్న సహాయకుడు ఆ సాయంత్రమే కార్యవర్గం అందరికీ ఫోన్ చేసి చెప్పాడు. ఈ ఏడాది మనకు అందిన అన్ని శుభవార్తల్లో నాకు అది పెద్దది.

ఇళ్లు నడిపే విషయంలో సభ్యుల నుంచి మంచి మనసుతో చాలా సలహాలు వచ్చాయి. గోడకు టైంటేబుల్ పెడదామని, రాత్రి తొమ్మిదికి టీవీ ఆపేద్దామని, సందర్శకులకు రిజిస్టర్ పెడదామని అన్నారు. కార్యవర్గం వీటన్నిటికీ వద్దనే చెప్పింది. ఎప్పుడు లేవాలి, ఏం తినాలి, ఎవరు రావాలి అన్నవి వేరేవాళ్లు తేలిస్తే అది ముగ్గురుండే చిన్న హోం అవుతుంది, అంతే. ఒడంబడిక అమలు చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2017లోనే ఈ మాట చెప్పింది. సహాయకులను పెట్టింది కాపలాకు కాదు. తాళంచెవి ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది. సహాయకులూ కాలింగ్ బెల్ కొట్టాకే లోపలికి వెళ్తారు.

కొత్త దారేమీ మనం కనిపెట్టలేదు. చెన్నైలో ద బ్యానియన్ సంస్థ 2015 నుంచి 'హోం అగైన్' పేరుతో ఇలా కొద్దిమందిని కలిపి అద్దె ఇళ్లలో ఉంచుతోంది. వాళ్ల అనుభవాలు చదువుకున్నాకే మనం మొదలుపెట్టాం.

మగవాళ్లలో ఒకాయనది నేతపని చేసే కుటుంబం. కొత్తవాడలో జంపఖానాలు నేసే షెడ్డుకు పొద్దున వెళ్లి మధ్యాహ్నం దాకా కండెలు చుడుతున్నారు. చిన్నప్పుడు ఇంట్లో చేసిన పనేనట. చేతులకు ఇంకా గుర్తుంది. కూలి నేరుగా ఆయన చేతికే ఇస్తున్నారు. ఆడవాళ్లకు మహాలక్ష్మి ఉచిత బస్సు పెద్ద అండ అయింది. ఒకావిడ ఆధార్ చూపించి, జీరో టికెట్ తీసుకుని, మందుల కోసం తనే ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లి వస్తోంది. రాత్రిపూట మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి–మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయడం కూడా నేర్చుకుంది. అక్కడ తెలుగులోనే మాట్లాడతారు.

వీధివాళ్ల గురించి చెప్పాలి. మొదట్లో "పిచ్చోళ్లను తెచ్చి పెడుతున్నరు" అన్న మాట మన చెవిన పడింది, మనవాళ్ల చెవినా పడింది. మీటింగులు పెట్టి ఉపన్యాసాలివ్వలేదు. బతుకమ్మకు ఆడవాళ్లు తంగేడు, గునుగు తెచ్చుకుని ఇంటిముందు కూర్చుని పేర్చారు. ఒకావిడకు వరసలు సరిగ్గా రాకపోతే ఎదురింటి అవ్వ వచ్చి "గట్ల కాదు బిడ్డా, ఆకు ముందుగాల పెట్టాలె" అని పక్కనే కూర్చుంది. సద్దుల రోజు పద్మాక్షి గుట్టకు ఆ అవ్వతోనే వెళ్లారు. అందరూ మారారని చెప్పను. పక్క సందులో ఒకరిద్దరు ఇప్పటికీ పిల్లలను ఆ ఇంటివైపు రానివ్వరు.

వెనక్కి వెళ్లినాయన, సభలో వచ్చిన ప్రశ్న

మగవాళ్ల ఇంట్లో మొదట నలుగురు ఉండేవాళ్లు. నాలుగో ఆయన కొన్ని నెలల తర్వాత తన పాత హోంకే వెళ్తానన్నారు. అక్కడ ఇరవై ఏళ్ల స్నేహితుడు ఉన్నాడు, ఆయన లేకుండా నిద్ర పట్టడం లేదన్నారు. దింపి వచ్చాం. ఆ స్నేహితుడు కూడా వస్తానంటే ఇద్దరికీ చోటు చూస్తాం.

అక్టోబర్ సభలో ఒక తండ్రి లేచి, "బయట ప్రమాదం, తాళం వేసి ఉన్న చోటే మా అమ్మాయి క్షేమం" అన్నారు. ఆయన భయం మనందరిదీ. మేం పోయాక వీళ్లను ఎవరు చూస్తారన్న ప్రశ్న లేని ఇల్లు మన సంఘంలో లేదు. అయినా ఒక విషయం మరవొద్దని కోరుతున్నాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక రోగులను గొలుసులతో కట్టి ఉంచిన చోట మంటలు రేగితే 28 మంది చనిపోయారు. పారిపోకుండా వేసిన గొలుసులే తప్పించుకోకుండా చేశాయి. ఆ తండ్రి జనవరిలో ఆడవాళ్ల ఇంటికి వచ్చి, వాళ్లు చేసిన సకినాలు తిని వెళ్లారు. ఇంకా నిర్ణయం తీసుకోలేదు, మేం తొందరపెట్టడం లేదు.

డబ్బు

దివ్యాంగుల ఆసరా పింఛన్ నెలకు 4,016 రూపాయలు. ఇంట్లోవాళ్లు అందులోంచి కిరాణా, గ్యాస్‌కు వాటా వేసుకుంటున్నారు. అద్దె, సహాయకుల జీతాలు సంఘం భరిస్తోంది. సభ్యుల చందాలతో ఇది ఎన్నేళ్లో నడవదు, నడవాల్సిన పద్ధతి కూడా అది కాదు. ఇలాంటి ఇళ్లను ప్రభుత్వం ఏర్పాటు చేయాలని లేదా వాటికి సాయపడాలని 2017 చట్టమే చెబుతోంది. 2016 చట్టం 37వ సెక్షన్ ప్రకారం ఇళ్ల పథకాల్లో దివ్యాంగులకు 5 శాతం కేటాయించాలి. ఈ రెండిటి మీద ప్రజావాణిలో అర్జీలు పెట్టాం. రసీదులు ఉన్నాయి, జవాబు కోసం తిరుగుతున్నాం. ఆడిట్ అయిన లెక్కలు ఆఫీసులో ఉన్నాయి, ఏ సభ్యుడైనా వచ్చి చూడొచ్చు.

మిగతా పనులు

సదరం సర్టిఫికెట్లకు, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డులకు ఎప్పటిలాగే సాయం చేశాం. ఆర్టీసీ రాయితీ పాసులు ఇప్పించాం. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, దివ్యాంగులకు అన్నీ అందుబాటులో ఉండేలా చూసే ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి కావాలని తీర్పు ఇచ్చింది. ఆ కేసులో కోర్టు హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయం నివేదికను ఆధారం చేసుకుంది. ఆ తీర్పు కాపీ జతచేసి, ర్యాంపు లేని ఆఫీసులకు ఉత్తరాలు రాశాం. ఒకచోట ర్యాంపు కట్టారు గానీ ఏటవాలు మరీ ఎక్కువైంది, సరిచేయమని మళ్లీ రాశాం.

వచ్చే ఏడాది

కాజీపేట వైపు మూడో ఇల్లు చూస్తున్నాం. అందులోకి వచ్చేవాళ్లలో ఒకరు వీల్‌చైర్ వాడతారు. కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ కావాలి, గుమ్మం ఎత్తు తక్కువగా ఉండాలి, బాత్రూం తలుపు వెడల్పుగా ఉండాలి, బస్‌స్టాప్ దగ్గర్లో ఉంటే మంచిది. వైకల్యం సంగతి ఓనరుకు ముందే చెబుతాం. మీకు తెలిసిన ఇల్లు ఏదైనా ఉంటే దసరాలోపు ఆఫీసులో చెప్పండి.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున
హనుమకొండ