వేగం సరే, మాట సమయానికి చేరాలి

సంపాదకులకు,

గత నెల మా అమ్మను ఇంటి నుంచే వీడియో కాల్‌లో గుండె డాక్టరుకు చూపించాం. ‘ఆయాసం ఎప్పుడు వస్తోందమ్మా?’ అన్న ఆయన ప్రశ్న మూడుసార్లు ముక్కలైంది. అమ్మ జవాబు అక్కడికి చేరేలోపే ఆయన మరో ప్రశ్నలోకి వెళ్లారు. మాది వంద మెగాబిట్ల కనెక్షన్. ఆ సమయంలో పక్క గదిలో మా అబ్బాయి ఏదో పెద్ద ఫైలు పంపిస్తున్నాడు, అంతే.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్లు పనిచేసిన నాకు చాలా బాధ కలిగింది. మాటకు సెకనుకు వంద కిలోబిట్లు చాలు, కానీ అవి వేళకు అందాలి. ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫారసు చెబుతుంది. ఫైలు ముక్క పోతే మళ్లీ పంపవచ్చు. ఆలస్యంగా వచ్చిన మాట ముక్క మాత్రం పారేయడానికే. రూటరు రెండింటినీ ఒకే వరుసలో నిలబెడితే నష్టపోయేది మాటే. ఇలా పంపే ఒక్కో ముక్కపై, అంటే ప్యాకెట్‌పై, ప్రాధాన్య గుర్తు వేసే ప్రమాణం 1998లోనే వచ్చింది. ఒక సంస్థ నెట్‌వర్క్ నుంచి మరోదానికి వెళ్లేటప్పుడు ఆ గుర్తు తరచూ చెరిగిపోతోంది.

ఇంటర్నెట్ సంస్థలు తమ మధ్య ఈ గుర్తును గౌరవించాలి. డబ్బు చెల్లించిన యాప్‌కే కాకుండా ప్రతి కాల్‌కూ సమానంగా వర్తింపజేయాలి. ప్రకటనల్లో మెగాబిట్ల పక్కనే, సాయంత్రం రద్దీ వేళ ఆలస్యం ఎంతో కూడా ముద్రించాలి.

– ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి, ఖమ్మం