ఆ బ్యాడ్జి నువ్వు తీయలేదమ్మా

చిన్నీ,

హాస్టల్‌కి వెళ్తూ నువ్వు అలమరలో వదిలేసిన జపాన్ బొమ్మల కథ ‘ట్వెంటీయత్ సెంచరీ బాయ్స్’ మొత్తం చదివేశాను. రెండు నెలలు పట్టింది. కుడి నుంచి ఎడమకి చదవడానికి మొదట కళ్లు మొరాయించాయి. తర్వాత రాత్రి పన్నెండయినా పక్కన పెట్టబుద్ధి కాలేదు. నవోకి ఉరసావా దీన్ని 1999లో ఒక వారపత్రికలో మొదలుపెట్టాడట. 22 సంపుటాలు, ముగింపుకి ఇంకో రెండు. కోవిడ్‌కి ఒక పుష్కరం ముందే అయిపోయిన కథ.

అక్క వదిలి వెళ్లిన పసిబిడ్డను వీపున కట్టుకుని కొట్టు నడిపే కెంజీ నాకు మన ఇంటి మనిషిలా అనిపించాడు. చిన్నప్పుడు ఖాళీ స్థలంలో గడ్డితో గుడిసె కట్టుకుని నేస్తాలతో అల్లుకున్న కథలు పెద్దయ్యాక నిజమవుతుంటే, ఒంట్లో రక్తమంతా తోడేసే వైరస్ ఊళ్ల మీద పడుతుంటే, భయమేసింది. 2000 డిసెంబర్ 31 రాత్రి దాన్ని ఆపబోయిన కెంజీ మీదే నేరం పడింది. వైరస్ వెనకున్న ‘ఫ్రెండ్’ మాత్రం వ్యాక్సిన్ ఇచ్చి దేవుడైపోయాడు.

తాను చేసిన వ్యాక్సిన్‌ని కెంజీ అక్క కిరికో తన ఒంటి మీదే పరీక్షించుకునే చోట పుస్తకం మూసేశాను. నానమ్మ గది గుర్తొచ్చింది. 2021 మే. గడప దగ్గర జావ గిన్నె పెట్టి, నువ్వు తలుపు ఇవతల నేల మీద కూర్చునేదానివి. నానమ్మ లోపల్నుంచి ‘తొంభై రెండే’ అని అరిస్తే ఆక్సిమీటర్ అంకె నోటుబుక్కులో రాసుకునేదానివి. నీకప్పుడు 14 ఏళ్లు.

అప్పుడే నేనో మాట అన్నాను. ‘వద్దంటే నేస్తం ఇంటికెళ్లావు, తెచ్చి ముసలావిడకి అంటించావు’ అన్నాను. నువ్వు తల వంచుకుని వెళ్లిపోయావు. ఆ తర్వాత నెల రోజులు నీ పళ్లెం వేరు, నీ తిండి వరండాలో. అలా చెయ్యమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు.

చివరి పుస్తకాల్లో ఆ బ్యాడ్జి సంగతి చదివినప్పుడు చేతులు వణికాయి. మిఠాయి కొట్లో బ్యాడ్జి దొంగిలించింది చిన్న కెంజీ. దొరికిపోయింది ఇంకో అబ్బాయి. కెంజీ చూస్తూ ఊరుకున్నాడు. అంత పెద్ద కథకి వేరు అక్కడుందని నాకు ముందు తట్టనే లేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. నానమ్మకి జ్వరం రావడానికి మూడు రోజుల ముందు నుంచే నాకు ఒళ్లు నొప్పులు, నాలుకకి రుచి లేదు. సెలవు పెడితే జీతం కోస్తారని మాత్ర వేసుకుని పనికి వెళ్లాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులూ పొద్దున్నే నానమ్మ పక్కన కూర్చుని కాఫీ తాగాను. నిన్ను ఆ మాట అంటున్నప్పుడు కూడా అది నాకు గుర్తుంది.

కెంజీ పెద్దయ్యాక, కంప్యూటర్‌లో కట్టిన తన చిన్ననాటి లోకంలోకి వెళ్లి ఆ అబ్బాయికి క్షమాపణ చెప్పాడు. నేను ఫోన్ చేసి చెప్పబోయి రెండుసార్లు ‘అన్నం తిన్నావా’ అని అడిగి పెట్టేశాను. అందుకే రాస్తున్నాను. ఇంటికి ఆ జ్వరం తెచ్చింది నువ్వు కాదమ్మా, నేను. నన్ను క్షమించు.

దసరాకి నువ్వు వచ్చినప్పుడు నానమ్మ ముందు కూడా చెబుతాను. ఆవిడ ఇప్పటికీ నువ్వే అనుకుంటోంది.

నాన్న